మహిళల కర్లింగ్ టోర్నమెంట్‌కి మొదటిసారి జట్టు కడుతున్నారా? మంచు మీద కాలు పెట్టకముందే తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: "అక్కా, మేం నలుగురం ఆంటారియోలో ఉంటాం. రెండేళ్లుగా మా క్లబ్ లీగ్‌లో మంగళవారం మంగళవారం కర్లింగ్ ఆడుతున్నాం. ఈ శీతాకాలం ఒక మహిళల పోటీ టోర్నమెంట్‌కి జట్టుగా వెళ్దామనుకుంటున్నాం. రూల్స్ క్లబ్‌లో లాగానే ఉంటాయా? ఏమేం ఏర్పాట్లు చూసుకోవాలి? మాలో ఇద్దరికి ఇంకా ఇండియన్ పాస్‌పోర్టే. అదేమైనా అడ్డమా?"

జవాబు:

క్లబ్‌లో లాగా ఉండవమ్మా. ఆట అదే, రాళ్లూ అవే. కానీ మంగళవారం రాత్రి "పోనీలే" అని వదిలేసేవి పోటీలో పాయింట్లయి కూర్చుంటాయి. నేను పన్నెండేళ్లుగా థర్డ్‌గా, అంటే మూడో స్థానంలో రాళ్లు వేసే ప్లేయర్‌గా ఆడుతున్నాను. అందులో సగం కాలం మా జట్టు ఫారాలు, బుకింగులు, లెక్కలు కూడా నా నెత్తినే ఉన్నాయి. మేం ఆడిన మొట్టమొదటి టోర్నమెంట్‌లో మూడు మ్యాచులు ఓడాం. అందులో ఒకటి ఓడింది మంచు మీద కాదు, పార్కింగ్‌లో. ఆ కథ కింద చెప్తాను.

కర్లింగ్ తెలియనివాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం రెండు ముక్కలు. మంచు మీద ఆడే పెద్ద క్యారమ్స్ అనుకోండి, కాకపోతే ఇక్కడ కాయిన్‌ని గుంటలో వెయ్యక్కర్లేదు, గుండ్రటి గీతల మధ్య నిలబెట్టాలి. సుమారు 45.7 మీటర్ల పొడవున్న మంచు పట్టీని షీట్ అంటారు. దాని రెండు చివర్లా 3.66 మీటర్ల వ్యాసంతో ఉండే వలయాలు హౌస్, నట్టనడుమ చుక్క బటన్. ఒక్కో గ్రానైట్ రాయి 17 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. జట్టుకి నలుగురు, మనిషికి రెండు రాళ్లు. రెండు జట్లవీ కలిపి 16 రాళ్లు అయిపోతే ఒక ఎండ్. ఎండ్‌లో ఒక్క జట్టుకే పాయింట్లు: ఎదుటివాళ్ల అతి దగ్గర రాయి కంటే మీవి ఎన్ని బటన్‌కి దగ్గరగా ఉంటే అన్ని. చివరి రాయి వేసే అవకాశాన్ని హ్యామర్ అంటారు. పాయింట్ తెచ్చుకున్న జట్టు తర్వాతి ఎండ్‌లో దాన్ని వదులుకుంటుంది. ఎవరికీ పాయింట్ రాకపోతే ఉన్నవాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇక మీ సంగతి. "పోటీ టోర్నమెంట్" అన్న మాట కింద మూడు వేరు వేరు వ్యవహారాలున్నాయి. బాన్‌స్పీల్ ఒకటి. ఫీజు కట్టి పేరిచ్చిన ఏ జట్టైనా ఆడొచ్చు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, భోజనాలు కూడా చాలాచోట్ల ఫీజులోనే కలిపేస్తారు. రెండోది టూర్ ఈవెంట్. ప్రైజ్ మనీ, ర్యాంకింగ్ పాయింట్లు ఉంటాయి, వచ్చేవాళ్లు వారానికి నాలుగైదు రోజులు ప్రాక్టీస్ చేసేవాళ్లు. మూడోది ప్రావిన్స్ ఛాంపియన్‌షిప్‌కి దారితీసే ప్లేడౌన్లు. ప్రావిన్స్‌లో గెలిచినవాళ్లు స్కాటీస్ టోర్నమెంట్ ఆఫ్ హార్ట్స్‌కి వెళ్తారు. కెనడా మహిళల జాతీయ పోటీ అది; 1982లో స్కాట్ టోర్నమెంట్ ఆఫ్ హార్ట్స్‌గా మొదలై, 2007 నుంచి స్కాటీస్ అయింది. అక్కడ గెలిచిన జట్టు ప్రపంచ మహిళల ఛాంపియన్‌షిప్‌కి వెళ్తుంది. రెండేళ్ల లీగ్ అనుభవంతో మీరు మొదటి దానికే వెళ్లండి. నేరుగా ప్లేడౌన్‌కి వెళ్లొద్దని ఎవరూ అనరు, పేరిస్తే ఆడనిస్తారు కూడా. కానీ మొదటి రోజే రెండు మ్యాచులు పది పాయింట్ల తేడాతో ఓడితే, మీ నలుగురిలో ఒకరు వచ్చే ఏడు రారు. అది నేను కళ్లారా చూశాను.

టోర్నమెంట్ ఎంచుకున్నాక మొదట చదవాల్సింది రూల్ బుక్ కాదు, నిర్వాహకులు పంపే నోటీసు. వరల్డ్ కర్లింగ్‌కి ఒక రూల్ బుక్ ఉంది, కర్లింగ్ కెనడాకి ఒకటి ఉంది. టోర్నమెంట్ నోటీసులో "ఫలానా రూల్స్, ఈ కింది మార్పులతో" అని ఒక లైను ఉంటుంది. ఆ మార్పుల్లోనే అసలు సరుకు. ఎన్ని ఎండ్లు (ప్రపంచ పోటీల్లో 10, బాన్‌స్పీల్స్‌లో ఎక్కువగా 8), గడియారాలు ఉంటాయా బజర్ మాత్రమేనా, హ్యామర్ టాస్‌తో తేలుస్తారా రాయి వేసి తేలుస్తారా, స్కోరు సమమైతే ఇంకో ఎండ్ ఆడిస్తారా, బదులు ప్లేయర్ ఎవరు కావచ్చు, ఆలస్యమైతే ఏమవుతుంది. ఈ ఆరింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి నలుగురూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నోటీసులో లేనిది ఉంటే వారం ముందే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. మంచు మీద నిలబడి "మాకు ఎవరో చెప్పారండీ" అంటే ఏ అంపైరూ వినడు.

ఎంట్రీ ఫారంలో జట్టు పేరు, నలుగురి పేర్లు, రాళ్లు వేసే వరుస (లీడ్, సెకండ్, థర్డ్, ఫోర్త్), స్కిప్ అంటే కెప్టెన్ ఎవరు, వైస్ స్కిప్ అంటే వైస్ కెప్టెన్ ఎవరు అని అడుగుతారు. స్కిప్ అంటే ఆఖరి రాళ్లు వేసే మనిషే అని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. స్విట్జర్లాండ్ స్కిప్ సిల్వానా తిరింజోని 2019 నుంచి 2023 దాకా వరుసగా నాలుగు ప్రపంచ టైటిల్స్ గెలిచింది (2020లో పోటీ జరగలేదు). ఆమె వేసేది మూడో స్థానంలో, ఆఖరి రాళ్లు అలీనా పేట్జ్ వేసేది. మీలో ఆట బాగా చదివే మనిషి ఒకరు, చెయ్యి నిలకడగా ఉండే మనిషి ఇంకొకరు అయితే మొహమాటపడకుండా అలాగే రాయండి. కాకపోతే మ్యాచ్ మొదలయ్యాక ఆ వరుస మారదు. ఎవరైనా పొరపాటున వరుస తప్పి వేసేస్తే ఆట ఆగదు, తన వంతు పోగొట్టుకున్న మనిషి ఆ ఎండ్‌లో జట్టు ఆఖరి రాయి వేస్తుంది. మా సెకండ్ ఒకసారి అలా హ్యామర్ రాయి వెయ్యాల్సి వచ్చింది. ఆ టెన్షన్ చెప్పలేం.

ఐదో మనిషిని ఇప్పుడే వెతుక్కోండి. ఇది నేను గట్టిగా చెప్పే సలహా. ముగ్గురితో ఆడటానికి రూల్ ఒప్పుకుంటుంది: మొదటి ఇద్దరు మూడేసి రాళ్లు, మూడో ఆమె రెండు. కానీ ఒక రాయి వేస్తుంటే ఒకరు స్కిప్‌గా నిలబడాలి, ఇక రాయి ముందు మంచుని బ్రష్‌తో ఊడ్చేది ఒక్కరే. మూడు రోజుల్లో ఆరు మ్యాచులు అలా ఆడితే భుజాలు పోతాయి. ఇద్దరే మిగిలితే అసలు ఆడనివ్వరు. ఐదో మనిషి పేరు ఫారంలో ముందే ఉంటే ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరి ఇంట్లో పిల్లాడికి ఒంట్లో బాగాలేకపోయినా పని నడుస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మ్యాచ్ మధ్యలో ఆమె లోపలికి వస్తే, బయటికి వెళ్లిన మనిషి మళ్లీ ఆ మ్యాచ్‌లో ఆడటానికి లేదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో బంగారం గెలిచిన ఈవ్ మ్యూర్‌హెడ్ జట్టుని బ్రిటన్ 9 మంది స్క్వాడ్ లోంచి ఏరింది. మనకి అంత అక్కర్లేదు, ఒక్క అమ్మాయి చాలు. ఊరికే బెంచ్ మీద కూర్చోబెడితే నొచ్చుకుంటుంది కాబట్టి కనీసం ఒక మ్యాచ్ ఆడిస్తామని ముందే మాటివ్వండి.

ఇండియన్ పాస్‌పోర్ట్ సంగతి. బాన్‌స్పీల్‌కి పాస్‌పోర్ట్‌తో పనే లేదు, క్లబ్ సభ్యత్వం ఉంటే చాలు. ప్రావిన్స్ పోటీలకి మాత్రం నివాస నియమాలుంటాయి, ఎంతమంది బయటి ప్రావిన్స్‌వాళ్లు ఉండొచ్చు, ఏ తేదీ నుంచి ఇక్కడ ఉంటున్నారు అని అడుగుతారు. అవి సీజన్ సీజన్‌కీ మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది పాఠమే చూడండి. ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్థాయిలో ఒక దేశం తరఫున ఆడాలంటే ఆ దేశ పౌరులై ఉండాలి, లేదా పోటీకి ముందు వరుసగా రెండేళ్లు అక్కడ నివసించి ఉండాలి. ఒలింపిక్స్‌కి పౌరసత్వం తప్పదు. ఇండియా కూడా వరల్డ్ కర్లింగ్‌లో సభ్య దేశమే. మీ ఇద్దరికీ ఆ ఊహ ఉంటే కెనడా పౌరసత్వం తీసుకోకముందే ఆలోచించుకోవాలి, ఎందుకంటే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు.

అసలు ఇబ్బంది సరిహద్దు దాటేటప్పుడు వస్తుంది. మిషిగన్‌లోనో న్యూయార్క్ రాష్ట్రంలోనో బాన్‌స్పీల్ బాగుంది అని నలుగురూ ఉత్సాహపడతారు. కెనడా పాస్‌పోర్ట్ ఉన్న ఇద్దరూ కారెక్కి వెళ్లిపోతారు. పీఆర్ ఉన్నా ఇండియన్ పాస్‌పోర్ట్ వాళ్లకి అమెరికా విజిటర్ వీసా కావాలి, ఇంటర్వ్యూ తేదీకి నెలలు పట్టొచ్చు. వీసా చేతిలో లేకుండా అమెరికా టోర్నమెంట్‌కి ఫీజు కట్టకండి. ఫీజు చాలాచోట్ల ఫలానా తేదీ దాటితే వెనక్కివ్వరు, మీ బదులు వెయిటింగ్ లిస్టులో ఉన్న జట్టు దొరికితే తప్ప.

ఇక టోర్నమెంట్ ఎలా నడుస్తుందో. రెండు పద్ధతులు ఎక్కువ. రౌండ్ రాబిన్ అయితే మీ పూల్‌లో అందరితో ఆడతారు, టైమ్ టేబుల్ ముందే చేతికొస్తుంది. ప్రపంచ మహిళల ఛాంపియన్‌షిప్ అలాగే: 13 జట్లు, ఒక్కొక్కరికి 12 మ్యాచులు, పై 6 జట్లు నాకౌట్‌కి. ట్రిపుల్ నాకౌట్ అయితే కథ వేరు. అందరూ "ఏ" (A) ఈవెంట్‌లో మొదలవుతారు, ఒకటి ఓడితే బీ లోకి, ఇంకోటి ఓడితే సీ లోకి, మూడోది ఓడితే ఇంటికి. "ఏ" నుంచి మూడు, బీ నుంచి మూడు, సీ నుంచి రెండు జట్లు క్వార్టర్స్‌కి వెళ్లడం మామూలు లెక్క. కాగితం మీద చూస్తే మెట్రో మ్యాప్‌లా ఉంటుంది, గీతలు ఎటు పోతున్నాయో మొదటిసారి ఎవరికీ అర్థం కాదు. దీనివల్ల వచ్చే తిప్పలేంటంటే మీ తర్వాతి మ్యాచ్ ఎప్పుడో మీకే తెలీదు. పొద్దున 9 గంటలది ఓడితే మధ్యాహ్నం ఒంటిగంటకే మళ్లీ ఆడాలి, గెలిస్తే రాత్రి దాకా ఖాళీ. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్లు బుక్ చేసుకోకండి. గెలుస్తున్న జట్టు ఫ్లైట్ కోసం సెమీఫైనల్ వదులుకోవడం కన్నా ఏడుపు ఇంకోటి లేదు. హోటల్ కూడా క్లబ్‌కి పది నిమిషాల లోపు దూరంలో తీసుకోండి, మ్యాచుల మధ్య ఒక గంట నడుం వాల్చడానికి.

పార్కింగ్ కథ ఇదీ. జనవరి, పొద్దున 8 గంటల మ్యాచ్. నేనూ లీడూ ముందు రోజే వెళ్లి హోటల్లో పడుకున్నాం. మిగతా ఇద్దరూ తెల్లారుజామున బయల్దేరి 401 హైవే మీద మంచులో పడి నెమ్మదిగా వచ్చారు. అయినా సమయానికే ఊళ్లోకి దిగారు. తీరా చూస్తే అదే భవనంలో పక్కన పిల్లల హాకీ టోర్నమెంట్. రెండు చుట్లు తిరిగినా కారు పెట్టే చోటు లేదు. వాళ్లు లోపలికి పరుగెత్తుకొచ్చేసరికి 8 గంటల 17 నిమిషాలు. నోటీసు ప్రకారం 15 నిమిషాల లోపు ఆలస్యానికి ఒక పాయింట్, ఒక ఎండ్ పోతాయి; అది దాటితే ఇంకో పాయింట్, ఇంకో ఎండ్; అరగంట దాటితే మ్యాచే పోతుంది. మేం 0-2తో మూడో ఎండ్ నుంచి మొదలుపెట్టాం, హ్యామర్ కూడా వాళ్లదే. చివరికి ఒక్క పాయింట్‌తో ఓడాం. ముగ్గురం ఉన్నా సమయానికి మొదలుపెట్టి, నాలుగో ఆమెను తర్వాతి ఎండ్ మొదట్లో కలుపుకునేవాళ్లం. అప్పట్నుంచి మా జట్టులో ఒకే రూల్: ఏ కార్లోనూ ఇద్దరు మించి ఉండొద్దు అని కాదు, అందరూ ముందు రాత్రే ఊళ్లో ఉండాలి.

గడియారం గురించి ఇంకా చెప్పాలి. పెద్ద పోటీల్లో జట్టుకి ఆలోచించుకునే సమయం అని ఇస్తారు: 10 ఎండ్ల మ్యాచ్‌కి 38 నిమిషాలు, 8 ఎండ్లకి 30. రాయి వేసేవరకే మీ గడియారం నడుస్తుంది, రాయి మీ వైపు టీ లైన్ (బటన్ మీదుగా అడ్డంగా పోయే గీత) దాటగానే ఆగుతుంది. లెక్క వేస్తే ఒక్కో రాయికి అర నిమిషం కన్నా తక్కువ. అది అయిపోతే మ్యాచ్ పోయినట్టే. లీగ్‌లో మనం హౌస్ దగ్గర నలుగురం గుమిగూడి, ఇటు వేద్దామా అటు వేద్దామా అని పంచాయితీ పెడతాం కదా, అది కుదరదు. మొదటి నాలుగు ఎండ్లు చకచకా ఆడి సమయం మిగుల్చుకోండి, ఆలోచించాల్సిన రాళ్లు చివర్లో వస్తాయి. గడియారం లేని బాన్‌స్పీల్స్‌లో బజర్ మోగిస్తారు, అది మోగాక ఇంకెన్ని ఎండ్లు ఆడాలో నోటీసులో ఉంటుంది. నిదానంగా ఆడే జట్టు మీదే అయితే ఎనిమిదో ఎండ్ మీరు చూడకపోవచ్చు.

క్లబ్‌లో సరిగ్గా పాటించని రూల్స్‌లో మొదటిది ఫ్రీ గార్డ్ జోన్. హాగ్ లైన్‌కీ (హౌస్‌కి ముందు అడ్డంగా ఉండే గీత) టీ లైన్‌కీ మధ్య, హౌస్ బయట ఉన్న ఎదుటివాళ్ల గార్డ్‌ని, అంటే కాపలాగా ఆగిన రాయిని, ఎండ్‌లో ఆరో రాయి వచ్చేదాకా ఆటలోంచి కొట్టేయకూడదు. కొట్టేస్తే మీరు వేసిన రాయి తీసేసి, వాళ్ల రాయి ఎక్కడుందో అక్కడ పెడతారు. మీ లీగ్‌లో ఇంకా పాత నాలుగు రాళ్ల లెక్క నడుస్తోందేమో అడగండి, చాలా క్లబ్బుల్లో అలాగే ఉంది. దీనికి తోడు ఇప్పుడు నో టిక్ రూల్. సెంటర్ లైన్‌ని (షీట్ నట్టనడుమ నిలువుగా పోయే గీత) తాకుతున్న గార్డ్‌ని ఆ ఐదు రాళ్లలోపు పక్కకి నెట్టి లైన్ దాటించకూడదు. హ్యామర్ ఉన్న జట్టు లీడ్ ముందంతా చేసే పనే అది, గార్డ్‌ని మెల్లగా ఓరకి తోసేయడం. ఇప్పుడు కుదరదు కాబట్టి ఆఖరి ఎండ్‌లో ఒక పాయింట్ ఆధిక్యం ఏమీ భరోసా కాదు. మీ స్కిప్‌కి ఇది బాగా ఎక్కాలి. నోటీసులో ఏ రూల్ ఉందో చూసి, దాన్నే పట్టుకుని రెండు వారాలు ప్రాక్టీస్ చెయ్యండి.

రెండోది, ఊడుస్తూ రాయిని కాలితోనో బ్రష్‌తోనో తాకడం. మీ రాయి అవతలి హాగ్ లైన్ దాటకముందే మీవాళ్లు తాకితే వెంటనే ఆపి పక్కన పెట్టెయ్యాలి. హాగ్ లైన్ దాటాక తాకితే మాత్రం ఆపకండి. అన్నీ ఆగేదాకా చూడాలి. అప్పుడు ఎదుటి స్కిప్‌దే నిర్ణయం: మీ రాయి తీసెయ్యొచ్చు, ఉన్నది ఉన్నట్టు వదిలెయ్యొచ్చు, లేదా తాకకపోతే ఎక్కడికి పోయేదో అక్కడ పెట్టొచ్చు. ఇక్కడ ఒక మర్యాద ఉంది, ఈ ఆటకి అదే ప్రాణం: తాకినట్టు ఎవరూ చూడకపోయినా మీరే చెప్పాలి. మన కబడ్డీలో "తగల్లేదు, తగల్లేదు" అని గొంతు చించుకునే అలవాటుతో వచ్చిన నాకు ఇది వంటబట్టడానికి ఒక సీజన్ పట్టింది.

చిన్నవి ఇంకొన్ని. రాయి మీ చేతిలోంచి ఇవతలి హాగ్ లైన్‌కి ముందే వదలాలి. అవతలి హాగ్ లైన్‌ని పూర్తిగా దాటని రాయి ఆటలో ఉండదు, మరో రాయిని తగిలి ఆగితే తప్ప. టీ లైన్ వెనక ఒక్కో జట్టు నుంచి ఒక్కరే ఊడవాలి, ఎదుటి స్కిప్ అక్కడ మీ రాయిని కూడా ఊడ్చి వెనక్కి సాగదీయొచ్చు. ఎదుటివాళ్లు వేస్తున్నప్పుడు మీ లీడ్, సెకండ్ రెండు హాగ్ లైన్ల మధ్య, షీట్ అంచున కదలకుండా నిలబడాలి, నీళ్ల బాటిల్ తీసుకోవడం కూడా అప్పుడు కాదు. ఎండ్ అయ్యాక స్కోరు ఒప్పుకునేది వైస్‌లిద్దరే. వాళ్లు ఒప్పుకోకముందే ఎవరైనా రాళ్లు తోసేస్తే గొడవ.

బ్రష్‌ల విషయంలో పాతవి పట్టుకెళ్లి ఇరుక్కోకండి. 2015లో బ్రష్ హెడ్‌కి వాడే కొన్ని రకాల బట్టతో రాయిని దాదాపు నడిపించినట్టు తిప్పేయొచ్చని తేలి పెద్ద రభసైంది. 2016 మే నెలలో ఆంటారియోలోని కెంప్ట్‌విల్‌లో ప్లేయర్లనీ శాస్త్రవేత్తలనీ కూర్చోబెట్టి పరీక్షలు చేశాక, ఆమోదించిన బట్టే వాడాలన్న నియమం వచ్చింది. పోటీ స్థాయి టోర్నమెంట్లలో వరల్డ్ కర్లింగ్ జాబితాలో ఉన్న బ్రష్ హెడ్ మాత్రమే. ఆ జాబితా మారుతుంటుంది, కొనేముందు ఈ సీజన్‌ది చూసుకోండి. మ్యాచ్ అంతా ఎవరి బ్రష్ వాళ్లదే, మధ్యలో ఇచ్చిపుచ్చుకోవడాలుండవు. టోర్నమెంట్‌కి మనిషికి ఒక కొత్త హెడ్ లెక్కేసుకుని బడ్జెట్‌లో పెట్టండి.

బట్టల గురించి మనవాళ్లకి మాత్రమే చెప్పే మాట ఒకటి. మంచు మీద వెంట్రుక పడినా రాయి పక్కకి తిరిగిపోతుంది. ఉన్ని స్వెటర్ నూగు, ఊడిన గాజు ముక్క, పిన్నీసు, బొట్టుబిళ్ల, అన్నీ అంతే. మా లీడ్ బొట్టుబిళ్ల ఒకసారి షీట్ మధ్యలో దొరికింది, అదృష్టం కొద్దీ మాకే. బిళ్ల బదులు పెన్సిల్ పెట్టుకోండి, జుట్టు గట్టిగా ముడేసుకోండి, గాజులు హోటల్లో పెట్టండి. జాకెట్లు నలుగురివీ ఒకే రంగులో ఉండాలని నోటీసులో ఉంటే అలాగే ఉండాలి, ఒకరిది నీలం ఒకరిది ముదురు నీలం అంటే కూడా అడుగుతారు. బూట్లు బయట వేసుకునేవి కాదు, మంచు మీదకే విడిగా ఉంచినవి. గ్రిప్పర్ (జారకుండా బూటు కింద తొడిగే రబ్బరు) పాతబడి పొడి రాలుతుంటే మార్చెయ్యండి. ఫ్లైట్‌లో వెళ్తే బ్రష్‌లు లగేజీలో వెయ్యొచ్చు కానీ బూట్లు మాత్రం చేతి సంచిలోనే. బ్రష్ ఎవరిదైనా అడిగి తీసుకోవచ్చు, మీ కాలికి అలవాటైన స్లైడర్ (బూటు కింది జారే అడుగు) ఎవరిస్తారు?

హ్యామర్ రాయి వేసి తేల్చే టోర్నమెంట్ అయితే దాన్ని లాస్ట్ స్టోన్ డ్రా అంటారు. మ్యాచ్ ముందు ప్రాక్టీస్ అయ్యాక జట్టు నుంచి ఇద్దరు బటన్ మీదకి చెరొక రాయి వేస్తారు, ఒకరు కుడి తిప్పుతో, ఒకరు ఎడమ తిప్పుతో. బటన్ నుంచి దూరం సెంటీమీటర్లలో కొలిచి కలుపుతారు, తక్కువ వచ్చినవాళ్లకి మొదటి ఎండ్ హ్యామర్. హౌస్‌లో ఆగని రాయికి 199.6 సెంటీమీటర్లు వేసేస్తారు. ఈ దూరాల సగటు తర్వాత పూల్‌లో సమానంగా నిలిచిన జట్లని విడదీయడానికి కూడా పనికొస్తుంది, కాబట్టి ఆ రాయిని సరదాగా వెయ్యకండి. లీగ్‌లో ఎప్పుడూ రాని అభ్యాసం ఇది. వారానికోసారి మీ నలుగురూ తలో రెండు ఇలా వేసి పుస్తకంలో రాసుకోండి, నెల తిరిగేసరికి ఎవరి చెయ్యి నమ్మొచ్చో తెలుస్తుంది. ఆ ముందు ప్రాక్టీస్ నిమిషాల్లో గొప్ప షాట్లు కొట్టాలని చూడకండి. హాగ్ నుంచి హాగ్‌కి రాయి ఎన్ని సెకన్లలో వెళ్తోందో చూసుకోండి చాలు. మంచి మంచు మీద హౌస్‌లోకి వచ్చే రాయికి 14 సెకన్ల చుట్టుపక్కల పడుతుంది. మీ క్లబ్‌లో 12 అలవాటైతే మొదటి ఎండ్ రాళ్లన్నీ వెనక గోడకే పోతాయి.

డబ్బు లెక్క మొదటి రోజే రాసుకోండి: ఎంట్రీ ఫీజు, హోటల్, పెట్రోల్, బ్రష్ హెడ్లు, జాకెట్లు. ఐదుతో భాగించండి, ఐదో మనిషి ఒక్క మ్యాచే ఆడినా సరే ఆమె వాటా ఎంతో ముందే మాట్లాడుకోండి. ప్రైజ్ మనీ వస్తే ఎలా పంచుకోవాలో కూడా రాయండి. నవ్వొచ్చే విషయమే, కానీ స్నేహాలు చెడింది నేను చూసినప్పుడల్లా అక్కడే. తిండి మీ ఇష్టం. క్లబ్ వంటగదిలో శాకాహారం అంటే చీజ్ శాండ్‌విచ్ అని అర్థం. మేం శుక్రవారం రాత్రి పులిహోర కలిపి పట్టుకుపోతాం, రెండు రోజులు చెడిపోదు, మ్యాచుల మధ్య చల్లగానే తినొచ్చు. పెరుగన్నం మాత్రం మ్యాచ్ అయ్యాకే, లేకపోతే రెండో ఎండ్‌లో ఆవలింతలు.

మందుల సంగతి ఒకటి మర్చిపోతారు. పైస్థాయి పోటీల్లో డోపింగ్ పరీక్షలుంటాయి. జలుబుకి ఇక్కడ షాపులో దొరికే మాత్రల్లో చాలావాటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ సమయంలో అది ఒక మోతాదు దాటితే నిషేధం. ఆస్తమా ఇన్‌హేలర్లకీ మోతాదు పరిమితులున్నాయి. బాన్‌స్పీల్‌లో ఎవరూ పరీక్ష చెయ్యరు గానీ, ప్లేడౌన్‌కి వెళ్లే ఏడాది డాక్టర్‌ని అడిగి పెట్టుకోండి. ఇండియా నుంచి అమ్మ పంపిన పేరు తెలీని పొడులు అప్పుడు వద్దు.

మ్యాచ్ అయ్యాక పారిపోకండి. ముందు చేతులు కలిపి "గుడ్ కర్లింగ్" అంటారు, తర్వాత రెండు జట్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటాయి, గెలిచినవాళ్లు మొదటి రౌండ్ కొంటారు. మందు తాగకపోతే కాఫీ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. మా మొదటి టోర్నమెంట్‌లో ఆ 17 నిమిషాల మ్యాచ్ గెలిచిన జట్టు స్కిప్ ఆ బల్ల దగ్గరే, హాకీ రోజుల్లో కారు ఎక్కడ పెట్టాలో నాప్‌కిన్ మీద మ్యాప్ గీసి ఇచ్చింది. భవనం వెనక, చర్చి పక్కన. ఇప్పటికీ అక్కడే పెడతాం.